ఏ గుడ్డంత వెన్న

టిబ్బెట్స్ కోవ్ అనే తీరపు ఊళ్ళో ఆల్మీడా లార్రబీ మెచ్చుకున్న మఫిన్ అంటూ ఒక్కటీ లేదు. ఇది అతిశయోక్తి కాదు. ఆగస్టు నెలలో, కొండల మీద బ్లూబెర్రీ కోతలు సాగినన్నాళ్ళూ, శనివారం ఉదయాన రైతుసంఘం హాలులో ఊరందరికీ ఫలహారం పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆడవాళ్ళు ఇంట్లో కాల్చిన మఫిన్లు పళ్ళేలతో తెచ్చి బల్ల మీద పెట్టేవారు. బల్లకు ఒక కొసన ఆల్మీడా కూర్చునేది. ప్రతి పళ్ళెంలోంచీ ఒకటి తీసి, విరిచి, వాసన చూసి, గోరంత కొరికి తీర్పు చెప్పేది. ఆ పదవిలో ఆమెను ఎవరూ నియమించలేదు. దిగిపొమ్మనే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

"కాయితం గిన్నెలో కాల్చావా? మఫిన్‌కి గోచీ ఎందుకే తల్లీ, అదేమైనా సిగ్గుపడుతుందా?"

"పైన ఈ చక్కెర పొడేమిటి? మొహం బాగాలేని పిల్లకి పౌడరు దట్టించినట్టుంది."

"ఇవి మన కొండ పళ్ళు కావు. న్యూజెర్సీ నుంచి వచ్చినవి. చూడు, ఎలా ఉబ్బిపోయాయో! లోపల నీళ్ళు, పైన తొక్క, అంతే సంగతి."

"పండు చుట్టూ పచ్చరంగు దిగింది. సోడా ఎక్కువేశావు. తినాలా, పసరు పిండి పుండుకి కట్టుకోవాలా?"

ఈ తీర్పుల్లో చాలావరకు నిజమేనని ఒప్పుకోవాలి. సోడా ఎక్కువైతే బ్లూబెర్రీ పచ్చబడుతుంది. తోటల్లో పెంచిన లావు పళ్ళకు కొండ మీద దానంతటది పెరిగే చిన్న పండు రుచి రాదు. ఆమె కన్ను, ముక్కు, నాలుక మూడూ సక్రమంగానే పనిచేసేవి. చిక్కల్లా ఒక్కటే. అవి మూడూ ఎదుటివాళ్ళ పళ్ళెం దగ్గరే పనిచేసేవి.

ఆమె సొంత మఫిన్లు ఎండిపోయి ఉండేవి. ఏదో ఒక శనివారం కాదు, నలభై ఒక్కేళ్ళుగా ప్రతి శనివారమూ. ఒకటి నోట్లో వేసుకుంటే మళ్ళీ మాట పెగలడానికి అరకప్పు కాఫీ కావలసి వచ్చేది. రేవులో ఎండ్రకాయలు పట్టేవాళ్ళు వాటికి 'లంగర్లు' అని పేరు పెట్టుకున్నారు. ఆమె ఎదుట మాత్రం అందరూ ఒకటికి రెండు తిని, మూతి తుడుచుకుని, "మీ చేతి మఫిన్ మీదే ఆల్మీడా గారూ" అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు గనుక ఎవరి మనస్సాక్షీ నొచ్చుకోలేదు.

ఆ మఫిన్లకు ఒక వంశచరిత్ర ఉంది. ఆల్మీడా అమ్మమ్మ కెజయా, తీరానికి ఆరు మైళ్ళ దూరాన కెటిల్ దీవిలో కాపురం చేసింది. దీవి మీద ఉన్నవి నాలుగిళ్ళు. ఆమె మఫిన్ల కోసం గాలి అనుకూలంగా లేకపోయినా పడవ తిప్పుకుని వచ్చేవారని ప్రతీతి. ప్రతీతిని పూర్తిగా నమ్మనక్కరలేదు గాని, ఒకే మాట ఇద్దరు ముగ్గురు వేరువేరుగా చెప్పినప్పుడు కొంత విలువ ఇవ్వాలి. కెజయా కూతురు పెళ్ళి చేసుకుని ఒడ్డుకు వచ్చింది. ఆమే ఆల్మీడా తల్లి. ఆల్మీడాకు పదకొండేళ్ళు నిండకుండానే ఆ తల్లి జబ్బుచేసి పోయింది. పోతూ పిల్లకు మిగిల్చింది ఒక అట్టముక్క. దాని మీద పెన్సిలుతో ఇలా ఉంది: 'కెజయా మఫిన్లు. పిండి రెండు కప్పులు, చక్కెర అరకప్పు, బేకింగ్ పౌడరు రెండు చెంచాలు, పాలు ఒక కప్పు, ఒక గుడ్డు, గుడ్డంత వెన్న, పళ్ళు చేతికి వచ్చినన్ని.'

పక్కన నిలబడి నేర్పేవాళ్ళు లేరు. అట్టముక్కే గురువు. పద్నాలుగో ఏటినుంచి ఆల్మీడా ఎండాకాలమంతా పళ్ళు తూర్పారబట్టే షెడ్డులో పనిచేసేది. ఆకూ పుల్లా ఏరుతూ, పళ్ళు కదిలివచ్చే మరపట్టా పక్కన పదేసి గంటలు నిలబడేది. ఆ తరువాత ఆరిన్ లార్రబీని చేసుకుంది. అతని పన్నెండెకరాల కొండ భూమిని అతనితో సమానంగా చాకిరీ చేసి నిలబెట్టింది. కొత్త చిగుళ్ళ కోసం ఏడాది విడిచి ఏడాది గడ్డి పరిచి పొదలను కాల్చడం, పళ్ళకాలం వస్తే దువ్వెనలాంటి ఇనుప చేటతో నడుం వంచి దూయడం ఆమెకు చేతి మీది గీతల్లా వచ్చు. పిల్లలు కలగలేదు. ఆరిన్ పోయి పద్నాలుగేళ్ళయింది. ఇంతటి కష్టజీవిని చిన్నచూపు చూడడం న్యాయం కాదు. అయితే కష్టపడ్డంత మాత్రాన మనిషికి మెత్తదనం వస్తుందనడం కూడా నిజం కాదు.

తల్లి చేసిన మఫిన్ రుచి ఆల్మీడాకు గుర్తుండేది. తన మఫిన్‌కు ఆ రుచి లేదనీ తెలుసు. అందుకు కారణాలు వెతికింది. మొదట మరవాడు పిండి మార్చాడంది. తరువాత ఆవు ముసలిదైందంది. ఆరిన్ పచ్చికట్టెలు కొడుతున్నాడని ఏడేళ్ళు సాధించింది. గ్యాసు పొయ్యి వచ్చాక నేరం గ్యాసు మీదికి పోయింది. బోనులో నిలబడనిది ఆమె ఒక్కతే. ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన బడిపంతులు భార్య వెన్న ఓడుతున్న మెత్తని మఫిన్లు తెచ్చింది. ఆల్మీడా ఒకటి విరిచి, "లోపల పిండి ఉడకలేదు" అని పళ్ళెం పక్కకు నెట్టింది. ఆ పిల్ల మళ్ళీ హాలుకు మఫిన్ తేలేదు. అది పచ్చి అన్యాయం. ఊరంతా చూసింది, ఊరంతా కాఫీ తాగుతూ కూర్చుంది.

ఆల్మీడాకు అరవై తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడాది రైతుసంఘం ఒక వంటల పుస్తకం వేయాలని తలపెట్టింది. కమిటీకి పెద్ద ఫిలీనా డోర్, ఆరిన్ చెల్లెలు. సోమవారం పొద్దున్నే నోటుపుస్తకం చంకన పెట్టుకుని వదినగారి వంటింట్లో దిగింది.

"మొదటి పేజీ మీ అమ్మమ్మదే వదినా. కెజయా మఫిన్లు, కింద నీ పేరు. కానీ గుడ్డంత వెన్న అంటే కుదరదు. ఈ కాలం పిల్లలు కప్పుల్లో చెప్పమంటున్నారు."

"ఈ కాలం పిల్లలు గుడ్డు మొహం చూడలేదా?"

"చూశారు కనకే అడుగుతున్నారు. కొట్టుకెళితే చిన్నవి, పెద్దవి, మరీ పెద్దవి అని మూడు రకాలున్నాయి. ఏ గుడ్డు?"

"కోడిగుడ్డు!"

"ఏ కోడిది?"

"నీ తలకాయ! మా అమ్మమ్మ కోడిది."

"అయితే మీ అమ్మమ్మ కోడి ఎంతేసి గుడ్డు పెట్టేదో శుక్రవారంలోగా తేల్చి చెప్పు. లేదంటే మొదటి పేజీలో మా అత్తగారి గుమ్మడికాయ 'పై' వంటకం వేసుకుంటాం."

"మీ అన్న నా మఫిన్లు అన్నేళ్ళు తిన్నాడు, ఒక్కసారి నోరెత్తలేదు. ఇవాళ నువ్వొచ్చి కొలతలడుగుతున్నావు!"

"మా అన్నయ్య నోరెత్తలేదంటే నోట్లో నీ మఫిన్ ఉండుంటుంది వదినా."

ఫిలీనా నవ్వింది. ఆల్మీడా నవ్వలేదు. అమ్మమ్మ పేరు అచ్చులో మొదటి పేజీన పడడం ఆమెకు చిన్న విషయం కాదు. దీవి మీద ఇప్పుడు ఇళ్ళు లేవు, పునాది రాళ్ళు తప్ప. కెజయా సమాధి పలకను కూడా ఉప్పుగాలి తినేసింది. ఆ మనిషి భూమి మీద నడిచిందనడానికి మిగిలింది ఆ అట్టముక్కే. దానిని గుమ్మడికాయ నెట్టేస్తుందంటే ఆల్మీడా ఊరుకోదు.

కెజయా కోళ్ళను చూసినవాడు ఒక్కడే బతికి ఉన్నాడు. అతను తల్లి ఆఖరి తమ్ముడు ఏసా, పక్క ఊరి వృద్ధుల గృహంలో ఉన్నాడు. ఎనభై ఎనిమిదేళ్ళవాడు. అతనితో ఆల్మీడా పద్నాలుగేళ్ళుగా మాట్లాడడం లేదు. ఆరిన్ అంత్యక్రియలకు వచ్చినవాళ్ళకు మఫిన్లు పెడితే, ఆ ముసలాయన ఒకటి కొరికి, "అక్క చేసినట్టు లేవే పిల్లా" అన్నాడు. ఊరు మొత్తంలో నిజం చెప్పిన మనిషి అతనొక్కడే, శిక్ష పడ్డదీ అతనికొక్కడికే.

మంగళవారం ఆమె వెళ్ళింది. ఏసా కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ, ఆల్మీడానా? నేను పోయాననుకుని పూలు తెచ్చావా?"

"పూలు కాదు మావయ్యా, ఒక ప్రశ్న తెచ్చాను. దీవి మీద అమ్మమ్మ కోళ్ళు ఎంతేసి గుడ్లు పెట్టేవి?"

"ఏ కోళ్ళు?"

"అమ్మమ్మవి."

"మీ అమ్మమ్మకి కోళ్ళెక్కడివే! ఒకసారి ఆరు తెచ్చింది. వారం తిరక్కుండా ముంగిసలాంటి మింక్ వచ్చి ఆరింటినీ తినేసింది. మళ్ళీ ఆరు తెచ్చింది. మళ్ళీ తినేసింది. 'ఈ దొంగముండని మేపడానికా నేను గింజలు కొనేది' అని అంతటితో కోళ్ళకి దండం పెట్టేసింది."

"మరి గుడ్లు?"

"సీగల్ గుడ్లు! జూన్‌లో బుట్టలేసుకుని అవతలి రాళ్ళ మీదికి పోయేవాళ్ళం. ఆ పక్షులు నెత్తిమీద రెట్టలేస్తుంటే మేం కిందనించి గుడ్లు ఏరేవాళ్ళం. మీ అమ్మ మా నాన్న వానటోపీ పెట్టుకునేది, గడుసుది. మిగతావాళ్ళం పాలుపోసుకున్న విగ్రహాల్లా ఇంటికొచ్చేవాళ్ళం."

ఆల్మీడా అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "సీగల్ గుడ్లు జూన్‌లో. బ్లూబెర్రీలు ఆగస్టులో. నీకు మతి తప్పింది మావయ్యా."

"నాకు కాళ్ళు తప్పాయి గానీ మతి తప్పలేదు. సున్నపునీళ్ళ పీపాలో వేస్తే మళ్ళీ ఫిబ్రవరిదాకా ఉండేవి. ఆ పీపాలో నేను ఒకసారి తలకిందులుగా పడ్డాను కూడాను. అది మటుకు మీ అమ్మ నీకు చెప్పలేదు కాబోలు."

"అట్టముక్క మీద అమ్మ సీగల్ అని రాయలేదే?"

"ఎందుకు రాస్తుంది? దీవి మీద పుట్టిన పిల్లకి గుడ్డంటే అదే. కోడిది కావాలంటే కోడిగుడ్డు అని చెప్పుకునేవాళ్ళం, ఒడ్డునుంచి ఎవరైనా తెస్తే. వట్టి గుడ్డంటే సీగల్‌దే." అతను కీళ్ళు బిగిసిన వేళ్ళతో గాలిలో ఒక చుట్టు చుట్టబోయాడు. వేళ్ళు కలవలేదు. "ఇంతుంటుంది. కోడిది దాని పక్కన పెడితే పిల్లలా ఉంటుంది."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే మొదలెట్టానే. మొదటి ముక్కకే నువ్వు లేచిపోయావు. రెండో ముక్కకి పద్నాలుగేళ్ళు పట్టింది."

ఒకే సాక్షి, అదీ ముసలివాడు. ఆల్మీడా అతని మాట మీద నిర్ణయానికి రాలేదు. బుధవారం కోటు జేబులో ఒక కోడిగుడ్డు, మైనపు కాయితంలో వెన్నముద్ద పెట్టుకుని ఊరి గ్రంథాలయానికి వెళ్ళింది. ఎప్పుడో పోయిన ఒక డాక్టరు సేకరించిన పక్షిగుడ్లు అక్కడ గాజుబీరువాలో ఉన్నాయి. సీగల్ గుడ్డు మట్టిరంగులో, నల్లమచ్చలతో, ఆమె జేబులోని దానికి ఒకటిన్నర రెట్లుంది. ఆమె అద్దానికి ముఖం ఆనించి, చాకుతో వెన్నముద్దను చెక్కడం మొదలుపెట్టింది.

గ్రంథాలయం అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఆల్మీడా గారూ, లోపలికి తినే వస్తువులు తేకూడదండీ."

"ఇది తినేది కాదు, తూకపురాయి. వెలుతురుకి అడ్డం తప్పుకో."

ఆ సాయంత్రం ఒకటిన్నర కోడిగుడ్లు గిలకొట్టింది. చెక్కి తెచ్చిన వెన్న కరిగించింది. పొద్దున దూసిన పళ్ళలో ఆకులు ఊదేసి, కడగకుండా వేసింది. పిండిని పదిహేను తిప్పులకు మించి తిప్పలేదు. అది ఆమెకు ముందునుంచీ వచ్చిన విద్యే. ఇనుప మూకుడు గుంటల్లో పోసి పొయ్యిలో పెట్టింది. తీసినప్పుడు మఫిన్లు గుంట అంచుల నుంచి వాటంతటవే వదిలాయి. విరిస్తే పొడిపొడిగా రాలలేదు. పళ్ళు పగిలి ఊదారంగు రసం వెన్న తడితో కలిసి ఉంది. నిలబడే ఒకటి తింది. కూర్చుని రెండోది తింది. కాఫీ కలుపుకోవడం మరిచిపోయింది. మూడోది సగం తిన్నాక చేయి ఆగింది. ఆ రుచి ఆమెకు తెలుసు. యాభై తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, ఇంకో వంటింట్లో తిన్నది.

అప్పుడు కూడా ఆమెకు మొదట వచ్చింది కోపమే. తల్లి మీద వచ్చింది. ఒక్కమాట ఎక్కువ రాస్తే నీ పెన్సిలు అరిగిపోయేదా అనుకుంది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. రాసినామె తనకు తెలిసిన భాషలో సరిగ్గానే రాసింది. తప్పు చదివినామెది. మరవాడు, ఆవు, కట్టెలు, గ్యాసు, ఆరిన్ అందరూ నిర్దోషులు. బడిపంతులు భార్య మఫిన్ ఉడికింది.

శుక్రవారం ఆల్మీడా రెండు పళ్ళేలతో హాలుకు వెళ్ళింది. ఒకదానిలో పాతవి, ఒకదానిలో కొత్తవి. ఫిలీనాతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ ఉన్నారు. ఆల్మీడా జరిగినదంతా వరుసగా, ఏ సాక్ష్యం ఎక్కడిదో సహా చెప్పింది. అయిదుగురూ రెండూ రుచి చూశారు. ఆరు నిమిషాల్లో ఖాళీ అయిన పళ్ళెం కుడిది. అది కొత్తవాటిది. సాక్ష్యం బల్ల మీదే ఉంది. అయినా మొదటి మాట ఇలా వచ్చింది:

"బాగానే ఉన్నాయి గానీ, ఇవి ఆల్మీడా మఫిన్లు కావు."

"కొంచెం జిడ్డు కదూ?" అంది ఇంకొకామె, వేళ్ళు నాక్కుంటూ.

"మన ఊరి మఫిన్ అంటే కాస్త గట్టిగా ఉండాలి. కాఫీలో ముంచుకోవద్దూ?"

"వేసవికొచ్చే పట్నంవాళ్ళు కూడా అదే అన్నారు. 'ఎంత నిజాయితీ గల రుచండీ' అని."

ఆల్మీడా వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. "వీటిని లంగర్లన్నది మీ మగవాళ్ళు కాదూ?"

ఆ పేరు ఆమె చెవిదాకా వెళ్ళిందని ఎవరికీ తెలియదు.

"అది ప్రేమకొద్దీ అన్న మాట వదినా," అంది ఫిలీనా.

"నలభై ఒక్కేళ్ళు నేను తప్పు చేశాను." ఆ వాక్యం ఆల్మీడా నోటి నుంచి ఆ హాలులో రావడం అదే మొదలు. ఎదురు చూసినవాళ్ళు ఎందరో ఉండవచ్చు. తీరా వచ్చాక పుచ్చుకునేవాళ్ళు లేరు.

"పోనీలే వదినా. వయసు మీద పడ్డాక అలాగే అనిపిస్తుంటుంది."

"అయినా సీగల్ గుడ్డని అచ్చు వేస్తే పక్షుల శాఖ వాళ్ళు ఊరుకుంటారా? ఇప్పుడది నేరం," అంది కమిటీలో చట్టం తెలిసినామె.

"గుడ్డు తినమన్నానా? గుడ్డంత వెన్న వెయ్యమన్నాను! కప్పులో మూడోవంతు, పైన ఇంకాస్త. గుడ్లు ఒకటిన్నర. రాసుకో!"

ఎవరూ రాసుకోలేదు. వాళ్ళను దుర్మార్గులనలేము. ఇన్నేళ్ళూ భయంకొద్దీ మింగినదానికి ఇప్పుడు సంప్రదాయమని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పోతే మిగిలేది భయమే కదా! మనిషి దేన్నైనా వదులుకుంటాడు గాని, తన పిరికితనానికి కుట్టించుకున్న మంచిచొక్కాను మాత్రం వదులుకోడు. చివరకు ఫిలీనా ఒక మధ్యేమార్గం చెప్పింది. కప్పులూ వద్దు, పక్షులూ వద్దు, అట్టముక్క మీద ఉన్నది ఉన్నట్టు వేసేద్దాం. ఎవరి గుడ్డు వాళ్ళు చూసుకుంటారు. అయిదు చేతులు లేచాయి.

నవంబరులో పుస్తకాలు వచ్చాయి. రెండువందల ప్రతులు. మరునాటి అమ్మకానికని హాలులో బల్ల మీద పేర్చారు. మొదటి పేజీలో 'కెజయా మఫిన్లు', కింద 'ఆల్మీడా లార్రబీ ఇచ్చినది', మధ్యలో 'ఒక గుడ్డు, గుడ్డంత వెన్న'.

మధ్యాహ్నం తాళం వేయడానికి వచ్చిన ఫిలీనాకు లోపల ఆల్మీడా కనిపించింది. కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుని, నల్లసిరా కలంతో ఒక్కొక్క ప్రతీ తెరిచి, 'గుడ్డు' అన్నచోటల్లా పైన 'సీగల్' అని రాస్తోంది. అట్టముక్క మీద లేనిదొకటి కూడా చేరుస్తోంది. పేజీ అడుగున, 'ఇన్నాళ్ళ తప్పు నాది, కెజయాది కాదు. ఆ.లా.' అని. ఇది వినయమని పొరబడనక్కరలేదు. ఆ ముఖంలో వినయం ఛాయలు లేవు. హాలులో మఫిన్లు విరిచే ముఖమే అది.

"వదినా! ఏం చేస్తున్నావు? అచ్చయిన పుస్తకాలు పాడుచేస్తావా?"

"బాగుచేస్తున్నాను."

"కమిటీ ఒప్పుకోదు."

"కమిటీ అయిదు చేతులెత్తింది. నాకు ఒక చెయ్యి చాలు."

"నలుగురూ నవ్వుతారు వదినా, నీ పరువే పోతుంది. నీ తప్పు నువ్వే రెండువందల సార్లు రాసుకుంటావా?"

"తప్పు రెండువందల సార్లకి ఎన్నో రెట్లు చేశాను. మరేం ఎక్కువ కాదు." ఆల్మీడా తల ఎత్తలేదు. "మాట్లాడే బదులు ఆ కొస కట్ట ఇలా జరుపు. సిరా ఆరేదాకా మూయకు. ఇంకా నూట పన్నెండున్నాయి."